కారు ఎయిర్ ఇన్‌టేక్‌కి హీట్ షీల్డ్ మనమే చేసుకుంటే... ఏ రేకు వాడాలి?

గేమ్ ఆడుతున్నప్పుడు ఫోన్ వేడెక్కితే ఏమవుతుందో ఈ సైట్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ తన స్పీడు తానే తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి. పెట్రోల్ కారు ఇంజిన్ కూడా దాదాపు ఇదే పని చేస్తుందని మాత్రం చాలామందికి తెలీదు. ఇంజిన్ పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పడానికి ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సార్ ఒకటి ఉంటుంది. గాలి బాగా వేడెక్కితే సిలిండర్‌లో పెట్రోల్ టైముకి ముందే అంటుకుని నాకింగ్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, ఈసీయూ స్పార్క్‌ని కొంచెం ఆలస్యం చేస్తుంది. పికప్ తగ్గుతుంది. ఇది కారులో జరిగే థర్మల్ థ్రాట్లింగ్ అనుకోండి.

దీనికి తోడు ఇంకో నష్టం. వేడి గాలి పలచగా ఉంటుంది. 35 డిగ్రీల గాలికీ 65 డిగ్రీల గాలికీ తేడా లెక్కేద్దాం. కెల్విన్‌లోకి మార్చితే 308, 338. 308ని 338తో భాగిస్తే 0.91. అంటే అదే సిలిండర్‌లోకి వెళ్లే ఆక్సిజన్ సుమారు 9 శాతం తక్కువ. ఇంటర్‌లో చదివిన గ్యాస్ ఈక్వేషన్ ఇంతే, కొత్తదేం కాదు.

ఈ గొడవంతా నా నెత్తిమీదకి ఎందుకొచ్చిందంటే, మా బావ కారు వల్ల. గరివిడి నుంచి చీపురుపల్లి, రాజాం, పాలకొండ, శ్రీకాకుళం... మెడికల్ రెప్ కాబట్టి రోజూ తిరుగుడే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పాత ఓనర్ కంపెనీ ఎయిర్‌బాక్స్ పీకేసి, బానెట్ కింద ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టాడు. సౌండ్ బాగుంటుంది, నిజమే. కానీ మే నెలలో ఏసీ వేసుకుని రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే, గేటు లేచాక బండి ముందుకు కదలడానికి ఏడుస్తుంది. రోజుకి పది మంది డాక్టర్లని కలవాల్సిన మనిషికి అది పెద్ద తలనొప్పి.

"బామ్మర్దీ, నువ్వు ఇంజనీరువి కదా, ఏదో ఒకటి చెయ్యరా" అన్నాడు.

"నేను సాఫ్ట్‌వేర్ బావా."

"ఏదైతే ఏటి, బీటెక్కే కదా!"

ముందు ఒక మాట. మీ కారుకి కంపెనీ ఎయిర్‌బాక్స్ అలాగే ఉంటే ఈ ఆర్టికల్‌ని సరదాకి చదవండి, రేకు కొయ్యకండి. దాని మూతి గ్రిల్ వెనక్కో హెడ్‌లైట్ పక్కకో పెట్టి బయటి గాలినే పీల్చేలా డిజైన్ చేసి ఉంటుంది. దానికంటే మంచి హీట్ షీల్డ్ ఇంట్లో చెయ్యడం కష్టం. బావ కారుకి కూడా నా మొదటి సలహా అదే: పాత ఎయిర్‌బాక్స్ వెతికి తిరిగి పెట్టించు. విజయనగరంలో స్క్రాప్ షాపులన్నీ తిరిగాం. ఆ మోడల్‌కి సరిపోయేది ఒక్కటే దొరికింది, దాని క్లిప్పులు విరిగిపోయి మూత కూర్చోవట్లేదు. అప్పుడు షీల్డ్ గురించి సీరియస్‌గా ఆలోచించాం.

కండక్టివిటీ టేబుల్ చూసి మోసపోకండి

మెటీరియల్ అనగానే అందరూ మొదట వెతికేది థర్మల్ కండక్టివిటీ. అల్యూమినియం సుమారు 200 పైన, మైల్డ్ స్టీల్ సుమారు 50, స్టెయిన్‌లెస్ స్టీల్ సుమారు 16, ఏబీఎస్ ప్లాస్టిక్ 0.2 లోపు (అన్నీ మీటర్‌కి, కెల్విన్‌కి వాట్లలో). ఇది చూడగానే "అల్యూమినియం వేడిని మోసుకొచ్చేస్తుంది, ప్లాస్టిక్ ఆపేస్తుంది, కాబట్టి ప్లాస్టిక్ బెస్ట్" అనిపిస్తుంది. వినడానికి బాగుంది కానీ లెక్కకి నిలబడదు.

ఎలక్ట్రానిక్స్ భాషలో చెప్తాను. వేడి వెళ్లే దారిని సిరీస్‌లో పెట్టిన మూడు రెసిస్టర్లు అనుకోండి. రేకుకి ఇంజిన్ వైపు అంటుకుని ఉండే గాలి పొర ఒకటి, రేకు ఒకటి, ఫిల్టర్ వైపు గాలి పొర ఒకటి. గాలి పొర ఒక్కోటి 100 ఓములు అనుకుంటే, అదే కొలతలో 1 మిల్లీమీటర్ స్టెయిన్‌లెస్ రేకు విలువ 0.06. అల్యూమినియం అయితే 0.005. మూడు మిల్లీమీటర్ల ఏబీఎస్ షీట్ అయితే దాదాపు 17. ఇప్పుడు మొత్తం చూడండి: అల్యూమినియంతో 200, స్టెయిన్‌లెస్‌తో కూడా 200, ప్లాస్టిక్‌తో 217. టేబుల్‌లో వెయ్యి రెట్లు కనిపించిన తేడా మన చేతికొచ్చేసరికి ఎనిమిది శాతం!

ఫోన్‌తో పోల్చితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఫోన్‌లో వేపర్ ఛాంబర్, గ్రాఫైట్ షీట్ పెట్టేది వేడిని ఒకచోట నుంచి పక్కకి పంచడానికి. అక్కడ కండక్టివిటీయే ప్రాణం. ఇక్కడ మనకి కావాల్సింది పంచడం కాదు, అడ్డుకోవడం. పలచని రేకు విషయంలో ఆ అడ్డం రేకు లోపల కాదు, దాని ఉపరితలం మీద ఉంటుంది.

అసలు ఆట మెరుపులో ఉంది

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి వేడి మూడు దారుల్లో వస్తుంది. ముట్టుకుంటే వచ్చేది (కండక్షన్), గాలి మోసుకొచ్చేది (కన్వెక్షన్), వెలుగులాగా నేరుగా ప్రసరించేది (రేడియేషన్). కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే ముఖం కాలుతుంది, వీపు చల్లగానే ఉంటుంది కదా, అది రేడియేషన్.

రేడియేషన్ ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 80 డిగ్రీల ఉపరితలం చదరపు మీటర్‌కి గరిష్ఠంగా సుమారు 880 వాట్లు వెదజల్లితే, 400 డిగ్రీలకి ఎక్కిన మానిఫోల్డ్ దాదాపు 11,600 వాట్లు వెదజల్లుతుంది. పదమూడు రెట్లు. దీన్ని ఆపడానికి రేకు మందం పనికిరాదు, దాని ఎమిసివిటీ తక్కువగా ఉండాలి. అంటే ఆ ఉపరితలం వేడిని ఎంత పీల్చుకుని ఎంత వెదజల్లుతుందో చెప్పే అంకె. సున్నా అయితే పక్కా అద్దం, 1 అయితే పక్కా నలుపు. మెరిసే అల్యూమినియంకి ఇది 0.1 లోపే ఉంటుంది. మాట్ బ్లాక్ పెయింట్‌కి 0.95 దాకా ఉంటుంది.

ఎదురెదురుగా ఉన్న రెండు ఉపరితలాల మధ్య ఒక షీల్డ్ పెడితే ఏమవుతుందో ఫార్ములాలో వేసి చూశాను. రెండు ఉపరితలాల ఎమిసివిటీ 0.9 అనుకున్నాను. మధ్యలో నల్ల పెయింట్ వేసిన రేకు (అదీ 0.9) పెడితే రేడియేషన్ సగమవుతుంది. అదే చోట రెండువైపులా మెరిసే రేకు (0.1) పెడితే పదహారో వంతుకి పడిపోతుంది. అదే రేకు, అదే మందం, తేడా అంతా పైపూతది! నిజం కారులో ఉపరితలాలు ఇంత నీట్‌గా ఎదురెదురుగా ఉండవు కాబట్టి సరిగ్గా పదహారో వంతు వస్తుందని ఆశపడొద్దు. కానీ ఏది ఏ వైపు లాగుతుందో ఇది చెప్తుంది.

అందుకే హీట్ షీల్డ్‌కి "స్టైల్‌గా ఉంటుంది" అని మాట్ బ్లాక్ స్ప్రే కొట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. డబ్బులిచ్చి మరీ షీల్డ్‌ని హీటర్‌గా మార్చుకోవడం అది. అల్యూమినియానికి రంగు అనొడైజింగ్ చేయించినా అంతే, ఎమిసివిటీ 0.8 దరిదాపుల్లోకి వెళ్లిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. చలికాలం రూమ్ హీటర్ ముందు ఒకే సైజు రేకులు రెండు నిలబెట్టండి, ఒకటి మెరిసేది, ఇంకోటి నల్ల పెయింట్ కొట్టింది. ఒక్కోదాని వెనక రెండు అంగుళాల దూరంలో డీఎస్18బీ20 సెన్సార్ పెట్టండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, 125 డిగ్రీల దాకా కొలుస్తుంది, ఈఎస్‌పీ32కి మూడు వైర్లు చాలు. పది నిమిషాలు చాలు. ఆ తర్వాత నల్ల పెయింట్ డబ్బా మీరే పక్కన పెట్టేస్తారు.

ఒక జాగ్రత్త. ఈ టెస్టులో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ నేరుగా మెరిసే రేకు మీద పెట్టి చదవొద్దు. చవక గన్‌లు ఎమిసివిటీ 0.95 అనుకుని లెక్కేస్తాయి. మెరిసే రేకు మీద పెడితే రేకు వేడి బదులు అందులో ప్రతిబింబించే గోడ వేడిని చూపిస్తాయి. కాలిపోతున్న రేకుని కూడా "38 డిగ్రీలు" అనొచ్చు. రేకు మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, కాసేపాగి, ఆ టేపు మీద చదవండి.

షాపులో దొరికేవి ఒక్కొక్కటిగా

ఇప్పుడు మెటీరియల్స్‌కి వద్దాం. మా ఊళ్లో ట్రంకుపెట్టెలు, బియ్యం డబ్బాలు చేసే రేకుల షాపుకి వెళ్లాను. మేస్త్రీ గారు మొదట అడిగింది "ఏటి బాబూ, పెట్టి చేయించాలా?" అని. కారుకి అని చెప్తే ఆయనకి ఆసక్తి పుట్టి, ఉన్న రేకులన్నీ తీసి బల్ల మీద పరిచేశారు.

జీఐ రేకు, అంటే జింక్ పూత వేసిన ఇనుప రేకు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కొత్తగా ఉన్నప్పుడు మెరుస్తుంది కానీ కొన్నాళ్లకి బూడిదరంగులోకి మారి మెరుపు పోతుంది. జింక్ పూత సుమారు 200 డిగ్రీల దాకానే నమ్మకంగా ఉంటుంది. ఫిల్టర్ చుట్టూ గోడకి పర్లేదు, మానిఫోల్డ్‌కి దగ్గరగా వద్దు. దీనికి వెల్డింగ్ మాత్రం చేయించొద్దు. జింక్ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి, వెల్డర్లకి బాగా తెలిసిన సంగతే ఇది.

స్టెయిన్‌లెస్ స్టీల్ దగ్గరికి వచ్చేసరికి మా ఊరి పేరు చెప్పుకోవాలి. స్టీల్ "స్టెయిన్‌లెస్" అవ్వాలంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. అదే గాలితో కలిసి కంటికి కనపడని ఆక్సైడ్ పొర కట్టి తుప్పుని ఆపుతుంది. ఆ క్రోమియం స్టీల్‌లోకి వెళ్లేది ఫెర్రోక్రోమ్ రూపంలో. గరివిడి శ్రీరామ్‌నగర్‌లోని ఫేకర్ ఫ్యాక్టరీ పేరులోనే ఫెర్రో అల్లాయ్స్ ఉంది. ఇక మాంగనీస్ అయితే ఈ నేలలోనే ఉంది. దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మొదలైంది అప్పటి విశాఖపట్నం జిల్లాలోని మా చుట్టుపక్కల గనుల్లోనే. ఖరీదైన నికెల్ తగ్గించి దాని బదులు మాంగనీస్ వేసి చేసే స్టెయిన్‌లెస్‌ని 200 సిరీస్ అంటారు. మామూలు 304 గ్రేడ్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. "అయస్కాంతం అంటుకోకపోతే 304" అని షాపుల్లో చెప్తుంటారు, నమ్మకండి. 200 సిరీస్‌కి కూడా అంటుకోదు.

షీల్డ్‌గా స్టెయిన్‌లెస్ చాలా గట్టిది, వేడికి లెక్కచెయ్యదు, మెరుపు కూడా ఉంది. మానిఫోల్డ్ మీదే నేరుగా కూర్చునే షీల్డ్ అయితే నేను దీనికే ఓటేస్తాను. కానీ ఇంట్లో కొయ్యడం నరకం. చేతి కత్తెరకి లొంగదు, డ్రిల్ బిట్‌లు మొద్దుబారిపోతాయి, అంచు బ్లేడులా ఉంటుంది. బరువు కూడా అదే మందం అల్యూమినియంకి దాదాపు మూడు రెట్లు.

అల్యూమినియం. 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, కాబట్టి మానిఫోల్డ్‌ని తాకకూడదు. కొంచెం దూరంలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. కత్తెరతో కోసుకోవచ్చు, బల్ల అంచు మీద పెట్టి వంచుకోవచ్చు, మెరుపు ఏళ్లతరబడి ఉంటుంది. గేజ్ అడిగేటప్పుడు గుర్తుపెట్టుకోండి, నంబర్ పెరిగేకొద్దీ రేకు పలచన. 22 గేజ్ అంటే 0.71 మిల్లీమీటర్లు, 20 అంటే 0.91, 18 అంటే 1.22. 22 అయితే ఇంజిన్ వణుకుడికి టపటపలాడుతుంది. 18 వంచడానికి మడత మెషిన్ కావాలి. 20 తీసుకున్నాం.

పాత కంప్యూటర్ కేబినెట్ సైడ్ డోర్ కూడా మంచి మెటీరియలే. మనలాంటి వాళ్ల ఇంట్లో అటక మీద ఒకటైనా ఉంటుంది. పలచని ఇనుప రేకు, మడతలు ముందే పెట్టి ఉంటాయి. సమస్య పెయింట్. పెయింట్ ఏ రంగైనా సరే, తెలుపైనా సరే, ఈ ఇన్‌ఫ్రారెడ్ దగ్గర దాదాపు నలుపే, ఎమిసివిటీ 0.9 దరిదాపుల్లో ఉంటుంది. దానిమీద అల్యూమినియం ఫాయిల్ టేపు నీట్‌గా అంటిస్తే సరిపోతుంది. మా దగ్గర ఉన్న డోర్ సైజు చాల్లేదు, లేకపోతే ఖర్చు లేకుండా అదే వాడేవాళ్లం.

ప్లాస్టిక్స్ గురించి త్వరగా. 3డీ ప్రింటర్ ఉన్నవాళ్లు పీఎల్ఏతో ప్రింట్ చేద్దామనుకుంటారు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, బానెట్ కింద అప్పడంలా వంగిపోతుంది. పీఈటీజీ 80 దగ్గర, ఏబీఎస్ 105 దగ్గర. ఫిల్టర్‌కి గాలి తెచ్చే డక్ట్, బంపర్ వైపు చల్లని చోట అయితే ఏబీఎస్ ఓకే. సన్‌ప్యాక్ షీటు ఫైనల్ పార్టుకి పనికిరాదు కానీ కొలతకి నమూనా చేసుకోవడానికి అద్భుతం. నేను మొదటి రెండు నమూనాలు కొరియర్ అట్టపెట్టెతో, మూడోది సన్‌ప్యాక్‌తో చేశాను.

అస్సలు వాడకూడనివి రెండు ఉన్నాయి, రెండూ ఎవరో ఒకరు సలహా ఇచ్చేవే. మొదటిది థర్మాకోల్ లేదా ఫాయిల్ అంటించిన ఫోమ్. పైన ఫాయిల్ మెరుస్తున్నా లోపలిది వంద డిగ్రీల అటూ ఇటూ మెత్తబడి, అంటుకుంటే మండుతుంది. రెండోది ఆస్బెస్టాస్ రేకు ముక్క. "వేడికి దాన్ని మించింది లేదు" అని పెద్దవాళ్లు అంటారు. కానీ కోసినప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తుల్లో దిగితే క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది, అదీ ఏళ్ల తర్వాత. పైగా మీరు దాన్ని పెట్టబోయేది గాలి పీల్చే ఫిల్టర్ పక్కన.

మెటీరియల్ కంటే పెద్ద విషయం ఒకటుంది

రేకు కొయ్యకముందు ఇంకో లెక్క వేశాను. 1.2 లీటర్ ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి సుమారు 24 లీటర్ల గాలి లాగుతుంది, అంటే దాదాపు 26 గ్రాములు. ఆ గాలిని పది డిగ్రీలు వేడెక్కించాలంటే 260 వాట్ల పైన కావాలి. వేడెక్కిన ఇన్‌టేక్ పైపు గోడ నుంచి అంత వేడి రాదు, నా అంచనాలో రెండు మూడు డిగ్రీలు పెరిగితే ఎక్కువ. అంటే పైపుకి గుడ్డ చుట్టడం, రేకు చుట్టడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఇంజిన్ ఏ గాలిని పీలుస్తోందన్నదే ముఖ్యం. రేడియేటర్ దాటి వచ్చిన వేడి గాలిని పీలుస్తుంటే, బంగారు రేకు అడ్డం పెట్టినా ఉపయోగం లేదు.

కాబట్టి షీల్డ్ అంటే ఒక పలక కాదు, ఒక పెట్టె. ఇంజిన్ వైపు, రేడియేటర్ వైపు గోడలు, పైన బానెట్‌కి ఆనేలా రబ్బర్ బీడింగ్, ముందు వైపు గ్రిల్ నుంచి గాలి వచ్చే దారి. మేస్త్రీ గారు సన్‌ప్యాక్ నమూనా చూసి "ఇది మూతలేని ట్రంకుపెట్టే కదా బాబూ" అన్నారు. అంతే, సరిగ్గా అదే!

బిగించేటప్పుడు నాకు భయం వేసింది వేడి గురించి కాదు, బ్యాటరీ గురించి. చాలా చిన్న కార్లలో ఫిల్టర్ పక్కనే బ్యాటరీ ఉంటుంది. అల్యూమినియం గోడ ఊడి ప్లస్ టెర్మినల్‌ని, బాడీని ఒకేసారి తాకితే షార్ట్ సర్క్యూట్, మంట. కాబట్టి టెర్మినల్‌కి రబ్బర్ మూత ఉందో లేదో చూసుకోవాలి. బ్యాటరీ వైపు గోడ ఎత్తు తగ్గించాం, అంచులన్నీ ఆకురాయితో రాకి బీడింగ్ ఎక్కించాం. వైరింగ్ దగ్గరగా వెళ్లే చోట రెండు పొరలు. పాత బోల్ట్ రంధ్రాలే వాడాం, బాడీకి కొత్తగా డ్రిల్ చెయ్యలేదు. బోల్టు కింద రబ్బర్ వాషర్ వేస్తే వణుకుడు తగ్గుతుంది. భీమిలి లాంటి సముద్రపు గాలి ఉండే చోట స్టీల్ బోల్టు, అల్యూమినియం నేరుగా తాకి తినేసుకోవడం కూడా తగ్గుతుంది.

పనిచేసిందా లేదా చూడటం

పికప్ పెరిగినట్టు "అనిపించడం" సాక్ష్యం కాదు. డబ్బు పెట్టినవాడికి ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది. ఈఎల్ఎం327 బ్లూటూత్ డాంగిల్ ఒకటి స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో పెట్టండి. ఇన్‌టేక్ గాలి వేడికి పీఐడీ 0ఎఫ్. సమాధానంగా 41 0ఎఫ్ 5ఎ అని వస్తే, చివరి 5ఎ దశాంశంలో 90, అందులోంచి 40 తీసేస్తే 50 డిగ్రీలు. స్పీడుకి 0డి. ఈ రెండూ పైథాన్‌లో సెకనుకోసారి చదివి సీఎస్‌వీలో రాసుకునే స్క్రిప్ట్ ఇరవై లైన్లు కూడా ఉండదు. యాప్‌లలో కూడా లాగింగ్ ఉంటుంది.

బయటి వేడి రోజుకోలా ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ వేడిని ఒక్కదాన్నే పోల్చొద్దు. బంపర్ వెనక ఇంకో డీఎస్18బీ20 పెట్టి, రెండింటి తేడా చూడండి. అదే దారి, అదే టైము, అదే ఏసీ సెట్టింగ్. షీల్డ్ పెట్టి రెండు ట్రిప్పులు, తీసేసి రెండు.

మా గ్రాఫ్‌లో కనిపించిందిది: బండి వేగంగా వెళ్తున్నప్పుడు షీల్డ్ ఉన్నా లేకపోయినా తేడా వెతుక్కోవాలి. ఆగినప్పుడు మాత్రం రెండు గీతలూ స్పష్టంగా విడిపోయాయి. షీల్డ్ లేనప్పుడు వేడి ఎక్కుతూనే పోయింది, షీల్డ్ ఉన్నప్పుడు నెమ్మదిగా ఎక్కి, బండి కదలగానే తొందరగా దిగింది. ఎన్ని డిగ్రీలో ఇక్కడ రాయట్లేదు. ఒక కారు, ఒక రోడ్డు, నాలుగు ట్రిప్పులతో వచ్చిన అంకె మీ కారుకి వర్తించదు. ఎక్కువసేపు ఆగి ఉంటే షీల్డ్ లోపల గాలి కూడా వేడెక్కుతుంది, రేకు ఎంత మంచిదైనా అది ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. మైలేజ్ పెరిగిందా అని అడిగితే, నాకు కనపడలేదు.

బావ మాత్రం గేటు దగ్గర ఇప్పుడు ఏసీ ఆపట్లేదు. నెల తర్వాత బోల్టులు చూస్తే ఒకటి వదులైంది, స్ప్రింగ్ వాషర్ వేసి మళ్లీ బిగించాం. మడత మూల దగ్గర, రంధ్రాల చుట్టూ సన్న పగులు ఏమైనా మొదలైందేమో సర్వీసింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ టార్చ్ వేసి చూడమని చెప్పాను. అల్యూమినియం అలసిపోయేది మొదట అక్కడే. మెరుపు మీద దుమ్ము, ఆయిల్ పేరుకుంటే ఎమిసివిటీ పెరిగిపోతుంది కాబట్టి, అద్దాలు తుడిచే గుడ్డతోనే దాన్నీ ఒకసారి తుడవాలి, ఇంజిన్ చల్లారాక.